లాగిన్ షెల్ మార్చుకోవడం: ఒడిశా సరిహద్దు జిల్లాల తెలుగువారి కోసం తరచుగా అడిగే ప్రశ్నలు

పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, బరంపురం ప్రాంతాల్లో ఇంట్లో తెలుగు మాట్లాడుతూ బడిలో ఒడియా చదువుకున్న విద్యార్థులు లినక్స్ నేర్చుకునేటప్పుడు నన్ను అడిగిన ప్రశ్నలివి. వీరిలో చాలామందికి తెలుగు వింటే చక్కగా అర్థమవుతుంది గాని చదవడం అంత వేగంగా సాగదు. ఇంట్లో పెద్దవారో, తెలుగు చదవగలిగిన స్నేహితులో దీన్ని పైకి చదువుతుంటే విద్యార్థులు కీబోర్డు మీద టైప్ చేసుకునేలా ఉండాలని ఆదేశాలన్నిటినీ పలికే తీరులోనే రాశాను. టైప్ చేసేటప్పుడు అన్నీ చిన్న ఇంగ్లీషు అక్షరాలే వాడాలి. పెద్ద అక్షరాలు కావలసిన ఒకటి రెండు చోట్ల ఆ సంగతి విడిగా చెప్పాను.

ప్రశ్న: టెర్మినల్, షెల్ ఒకటేనా?

కావు. టెర్మినల్ అనేది మనకు తెర మీద కనిపించే కిటికీ. ఆ కిటికీలో మనం టైప్ చేసిన వాక్యాన్ని చదివి, అర్థం చేసుకుని, తగిన ప్రోగ్రామును నడిపించేది షెల్. ఒకే టెర్మినల్‌లో ఈ రోజు బ్యాష్, రేపు జెడ్‌షెల్ నడపవచ్చు. లాగిన్ కాగానే ఏ షెల్ మన ముందుకు రావాలన్నది మన ఖాతా వివరాల్లో రాసి ఉంటుంది. మనం మార్చబోయేది ఆ ఒక్క వివరాన్నే.

ప్రశ్న: ఇన్ని షెల్‌లు ఎందుకు వచ్చాయి? నాకు ఏది మంచిది?

లినక్స్‌కు ఒరవడి అయిన యూనిక్స్ అనే వ్యవస్థకు బెల్ ల్యాబ్స్‌లో కెన్ థాంప్సన్ 1971లో రాసిన షెల్ మొదటిది. అక్కడే స్టీఫెన్ బోర్న్ రాసిన షెల్ 1979లో యూనిక్స్ ఏడవ సంచికతో బయటికి వచ్చింది. ఈనాటికీ స్క్రిప్టుల (ఫైలులో వరుసగా రాసి పెట్టుకునే ఆదేశాల) వ్యాకరణం చాలావరకు దాని ఒరవడిలోనే ఉంది. బ్రయాన్ ఫాక్స్ 1989లో గ్నూ అనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టు కోసం బ్యాష్‌ను, మరుసటి సంవత్సరం పాల్ ఫాల్‌స్టాడ్ జెడ్‌షెల్‌ను విడుదల చేశారు. ఫిష్ 2005లో వచ్చింది.

ఇప్పుడిప్పుడే నేర్చుకుంటున్నవారు కనీసం కొన్ని నెలలు బ్యాష్‌తోనే ఉండడం మేలని నా అభిప్రాయం, ఎందుకంటే పుస్తకాల్లోనూ కళాశాల ప్రయోగశాలల్లోనూ సాధారణంగా కనిపించేది అదే. చేయి తిరిగిన తర్వాత జెడ్‌షెల్‌కు మారితే పాత అలవాట్లలో దాదాపు అన్నీ పనికి వస్తాయి. పదాలను తానే పూరించడం, అక్షరదోషాలను పట్టుకోవడం అందులో చాలా బాగుంటాయి. ఫిష్ వాడుకకు అన్నిటికంటే సులువు, కానీ దాని వ్యాకరణం వేరు. అందులో నేర్చుకున్న ఫర్ లూపు పరీక్షలో బ్యాష్ స్క్రిప్టు రాసేటప్పుడు పనికి రాదు.

ప్రశ్న: ప్రస్తుతం నేను ఏ షెల్‌లో ఉన్నానో ఎలా తెలుసుకోవాలి?

ఇక్కడ రెండు వేర్వేరు ప్రశ్నలున్నాయి. వాటిని కలిపివేయడం వల్లే చాలామంది తికమకపడతారు. ‘ఎకో’ అని టైప్ చేసి, ఒక ఖాళీ వదిలి, డాలర్ గుర్తు, దాని వెంటనే పెద్ద అక్షరాల్లో ‘షెల్’ అని ఇస్తే, ఖాతాలో నమోదైన లాగిన్ షెల్ పేరు వస్తుంది. ఈ క్షణంలో నిజంగా నడుస్తున్న షెల్ ఏదో అది చెప్పదు. దానికి ‘పీఎస్’, ఖాళీ, హైఫన్ పీ, ఖాళీ, రెండు డాలర్ గుర్తులు టైప్ చేయాలి. ఫిష్‌లో రెండు డాలర్ల గుర్తు చెల్లదు కాబట్టి అక్కడ ఈ ఆదేశం తప్పు చూపిస్తుంది. ఆ తప్పు ఫిష్ పేరుతోనే వస్తుంది కనుక జవాబు అలా కూడా తెలిసిపోతుంది.

ఈ నమోదు ఉండేది ‘/ఈటీసీ/పాస్‌డబ్ల్యూడీ’ అనే ఫైలులో. దాన్ని తెరిచి చూడడం వల్ల ఏ హానీ లేదు, చూసి తీరాలని కూడా అంటాను. ఒక్కో ఖాతాకు ఒక్కో వరుస ఉంటుంది. వరుసలో ఏడు గడులుంటాయి. గడికీ గడికీ మధ్య కోలన్ గుర్తు ఉంటుంది. మొదటిది వాడుకరి పేరు, రెండో గడిలో సాధారణంగా ఎక్స్ అనే అక్షరం, ఆ తర్వాత 1000 వంటి రెండు సంఖ్యలు, ఆపైన పూర్తి పేరు, ఆరవ గడిలో హోమ్ డైరెక్టరీ, చిట్టచివరి గడిలో ‘/బిన్/బ్యాష్’. ఆ చివరి గడే మన లాగిన్ షెల్. ఆ ఫైలును మాత్రం ఎడిటర్‌తో తెరిచి చేత్తో దిద్దకండి. ఒక్క కోలన్ జారిపోయినా ఆ ఖాతా పనిచేయకుండా పోతుంది.

ప్రశ్న: సరే, మార్చడం ఎలా?

ముందు కొత్త షెల్‌ను, ఇక్కడ ఉదాహరణగా జెడ్‌షెల్‌ను (ఆదేశాల్లో దాని పేరు జెడ్‌ఎస్‌హెచ్), తెచ్చుకోవాలి. ఉబుంటు, డెబియన్‌లలో ‘సుడో ఆప్ట్ ఇన్‌స్టాల్ జెడ్‌ఎస్‌హెచ్’ అంటే సరిపోతుంది. ఇందులో ‘సుడో’ అంటే ఆ ఆదేశాన్ని నిర్వాహకుని అధికారంతో నడపమని. డౌన్‌లోడ్ కొద్ది ఎంబీలే కాబట్టి ఫోన్ హాట్‌స్పాట్ మీద కూడా ఇబ్బంది ఉండదు. ఫెడోరాలో ‘ఆప్ట్’ బదులు ‘డీఎన్ఎఫ్’ వాడాలి. తర్వాత వెంటనే మార్చేయకుండా, ఊరికే ‘జెడ్‌ఎస్‌హెచ్’ అని టైప్ చేసి ఆ షెల్‌ను పాత షెల్ లోపలే ఒకసారి నడిపి చూడాలి. మొదటిసారి నడిపినప్పుడు అది ఒక పట్టిక చూపించి ఏర్పాట్ల గురించి అడుగుతుంది. అక్కడ సున్నా నొక్కితే ఖాళీ ఏర్పాట్ల ఫైలును తయారు చేసి ఊరుకుంటుంది, 2 నొక్కితే తాను సిఫారసు చేసే ఏర్పాట్లతో నింపుతుంది. కొంతసేపు వాడి చూసి, ‘ఎగ్జిట్’ అని బయటికి రండి.

ఇప్పుడు ‘కమాండ్ హైఫన్ వీ జెడ్‌ఎస్‌హెచ్’ అని అడిగితే ఆ షెల్ ఉన్న పూర్తి దారి, సాధారణంగా ‘/యూఎస్ఆర్/బిన్/జెడ్‌ఎస్‌హెచ్’, కనిపిస్తుంది. ఆ దారిని మౌస్‌తో ఎంచి కాపీ చేసుకోండి. చివరగా ‘సీహెచ్ఎస్‌హెచ్’, ఖాళీ, హైఫన్ ఎస్, ఖాళీ, కాపీ చేసుకున్న దారి ఇవ్వాలి. ‘చేంజ్ షెల్’ అనే మాటకు కుదింపు అయిన ఈ ఆదేశంలో సీ, హెచ్, ఎస్, హెచ్ అని నాలుగే అక్షరాలుంటాయి. దీనికి ముందు ‘సుడో’ పెట్టకూడదు. పెడితే మారేది మీ షెల్ కాదు, రూట్ ఖాతా (యంత్రం మీద పూర్తి అధికారం ఉన్న నిర్వాహక ఖాతా) షెల్.

దారిని టైప్ చేయకుండా కాపీ చేయమని ఎందుకు ఇంతగా చెబుతున్నానో కింద, లోపలికి వెళ్లలేకపోయినవారి ప్రశ్నలో వివరించాను.

ప్రశ్న: పాస్‌వర్డ్ అడిగింది, టైప్ చేస్తుంటే ఏమీ కనబడడం లేదు. కీబోర్డు పాడైందా?

లేదు. టైప్ చేస్తున్న అక్షరాలు గాని చుక్కలు గాని చూపించకపోవడం అక్కడి పద్ధతి. పూర్తిగా టైప్ చేసి ఎంటర్ నొక్కండి. మీటలను ఒడియాకో తెలుగుకో మార్చి ఉంచుకున్నవారు మాత్రం ముందుగా ఇంగ్లీషుకు తిప్పుకోవాలి. ఏమీ కనిపించని చోట ఏ లిపిలో టైప్ చేస్తున్నామో తెలియదు.

ప్రశ్న: ఆదేశం విజయవంతంగా పూర్తయింది, అయినా పాత షెల్ వస్తోంది.

లాగిన్ షెల్ రాసి ఉన్న గడిని వ్యవస్థ లాగిన్ సమయంలోనే చదువుతుంది కాబట్టి, టెర్మినల్ కిటికీని మూసి తెరిస్తే చాలదు. డెస్క్‌టాప్ నుంచి పూర్తిగా లాగౌట్ అయి మళ్లీ రావాలి. టీమక్స్ (ఒకే టెర్మినల్‌లో అనేక సెషన్లు నడిపే ప్రోగ్రాము) వాడేవారు వెనుక నడుస్తున్న దాని సర్వర్‌ను కూడా ఆపాలి.

ప్రశ్న: చెల్లని షెల్ అని తిరస్కరిస్తోంది. ఏం చేయాలి?

‘/ఈటీసీ/షెల్స్’ అనే మరో ఫైలు ఉంది. లాగిన్ షెల్‌గా వాడదగినవాటి దారులు అందులో వరుసకు ఒకటి చొప్పున ఉంటాయి. సాధారణ వాడుకరి ఆ జాబితాలో లేనిదాన్ని ఎంచుకోలేడు. ప్యాకేజీగా తెచ్చుకున్న షెల్ తన పేరును అక్కడ తానే చేర్చుకుంటుంది. మూలం నుంచి మీరే కంపైల్ చేసుకున్నదైతే నిర్వాహకుని అధికారంతో మీరే చేర్చాలి. జాబితాలో ఉన్న దారి, మీరు ఇచ్చిన దారి అక్షరం తేడా లేకుండా ఒకటే కావాలి.

ప్రశ్న: మార్చిన తర్వాత లాగిన్ కాలేకపోతున్నాను. నా ఫైళ్లు పోయినట్టేనా?

మీ ఫైళ్లకు ఏమీ కాలేదు. చివరి గడిలో రాసిన పేరుతో ప్రోగ్రాము ఏదీ దొరకక తలుపు తెరుచుకోవడం లేదు, అంతే.

ఈ తప్పు నా చేతి మీదుగానే జరిగింది. గుణుపురంలో ఒక డిగ్రీ విద్యార్థిని ల్యాప్‌టాప్‌లో జెడ్‌షెల్ పెట్టిస్తూ, తొందరలో ‘యూజర్‌మాడ్’ అనే ఆదేశాన్ని నిర్వాహకుని అధికారంతో వాడాను. దారి చివర జెడ్, ఎస్, హెచ్ అని ఉండవలసిన చోట జెడ్, హెచ్, ఎస్ అని పడింది. సాధారణ వాడుకరి ‘సీహెచ్ఎస్‌హెచ్’ వాడితే తప్పుడు దారిని అది అడ్డుకుంటుంది, కానీ నిర్వాహకుని చేతిలోని ‘యూజర్‌మాడ్’ ఆపదు. ఆ అమ్మాయి లాగౌట్ అయి పాస్‌వర్డ్ ఇచ్చింది. తెర ఒక్క క్షణం నల్లబడి మళ్లీ పాస్‌వర్డ్ పెట్టెకే వచ్చింది. మరుసటి వారం అప్పగించవలసిన ప్రాజెక్టు అందులోనే ఉంది. ఆమె ముఖంలో కనిపించిన భయం నాకు ఇప్పటికీ గుర్తుంది. అప్పటి నుంచి ఎవరికి చెప్పినా దారిని కాపీ చేసుకోమనే చెబుతున్నాను. మార్చిన తర్వాత లాగౌట్ కాకముందే, పాత కిటికీని తెరిచి ఉంచి, ‘ఎస్‌యూ’, ఖాళీ, హైఫన్, ఖాళీ, వాడుకరి పేరు ఇచ్చి కొత్త షెల్ నిజంగా తెరుచుకుంటోందో లేదో పరీక్షించమంటున్నాను. తెరుచుకోకపోతే పాత కిటికీలో ఇంకా బ్యాష్ నడుస్తూనే ఉంటుంది కాబట్టి అక్కడి నుంచే సరిదిద్దుకోవచ్చు.

లాగౌట్ అయిపోయినవారికి ఉబుంటు మీద దారి ఇది. యంత్రాన్ని తిరిగి ప్రారంభించి, తయారీదారు బొమ్మ కనిపించి మాయమయ్యేటప్పుడు ఎస్కేప్ మీట నొక్కితే గ్రబ్ పట్టిక (యంత్రం ఎలా మొదలవ్వాలో ఎంచుకునే పట్టిక) వస్తుంది. కొన్ని పాత యంత్రాల్లో షిఫ్ట్ మీటను పట్టుకుని ఉంచాలి. అందులో అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్, దాని కింద రికవరీ మోడ్, ఆపైన రూట్ అనే వరుస ఎంచుకోవాలి. అప్పటికి డిస్కు చదవడానికి మాత్రమే తెరిచి ఉండవచ్చు కాబట్టి ‘మౌంట్’, ఖాళీ, హైఫన్ ఓ, ఖాళీ, ‘రీమౌంట్’, కామా, ‘ఆర్‌డబ్ల్యూ’, ఖాళీ, ఒక స్లాష్ ఇచ్చి రాయడానికి వీలుగా మార్చాలి. ‘రీమౌంట్’, కామా, ‘ఆర్‌డబ్ల్యూ’ మధ్య ఖాళీలు ఉండకూడదు. తర్వాత ‘యూజర్‌మాడ్’, ఖాళీ, హైఫన్ ఎస్, ఖాళీ, ‘/బిన్/బ్యాష్’, ఖాళీ, వాడుకరి పేరు. తిరిగి ప్రారంభిస్తే లాగిన్ అవుతుంది. ఆ రోజు ఈ పని మొత్తం పది నిమిషాల్లో అయిపోయింది. ఆ పది నిమిషాలు ఆ అమ్మాయికి ఎంత పొడవుగా అనిపించాయో నేను చెప్పలేను.

ప్రశ్న: రూట్ ఖాతాకు కూడా కొత్త షెల్ పెట్టుకోవచ్చా? ‘/బిన్/ఎస్‌హెచ్’ను మార్చవచ్చా?

రెండూ వద్దు. అన్నీ పాడైన రోజున యంత్రాన్ని బాగుచేసుకోవడానికి మిగిలేది రూట్ ఖాతా. దాన్ని వ్యవస్థతో వచ్చిన షెల్‌తోనే ఉంచాలి. ఇక ‘/బిన్/ఎస్‌హెచ్’ మీది కాదు, యంత్రానిది. వ్యవస్థలోని అనేక స్క్రిప్టులు దాని మీద ఆధారపడతాయి. ఉబుంటు 2006 అక్టోబరులో వచ్చిన 6.10 నుంచి, డెబియన్ 2011లో వచ్చిన ఆరవ సంచిక నుంచి అక్కడ బ్యాష్ బదులు డ్యాష్ అనే చిన్న, వేగమైన షెల్‌ను పెట్టాయి. ఆ ఒక్క మార్పుతో, బ్యాష్‌కే ప్రత్యేకమైన వ్యాకరణాన్ని వాడుకున్న స్క్రిప్టులెన్నో ఆగిపోయి, వాటిని తిరగరాయవలసి వచ్చింది.

ప్రశ్న: కళాశాల ప్రయోగశాల యంత్రంలో మార్చలేకపోతున్నాను.

అక్కడి ఖాతాలు చాలాసార్లు కేంద్ర సర్వర్‌లో ఉంటాయి. ఆ యంత్రంలోని ‘పాస్‌డబ్ల్యూడీ’ ఫైలులో మీ వరుసే ఉండదు కాబట్టి ‘సీహెచ్ఎస్‌హెచ్’కు మార్చడానికి ఏమీ దొరకదు. నిర్వాహకుని అడగడం మర్యాద. అది కుదరనప్పుడు, జెడ్‌షెల్ ఆ యంత్రంలో ఉంటే, మీ హోమ్‌లోని ‘డాట్ బ్యాష్‌ఆర్‌సీ’ (బ్యాష్ తెరుచుకునేటప్పుడు చదివే ఏర్పాట్ల ఫైలు) చిట్టచివర, ఆ షెల్ ఉందో లేదో చూసుకుని ‘ఎగ్జెక్ జెడ్‌ఎస్‌హెచ్’ అని నడిపే ఒక్క వరుస చేర్చుకోవచ్చు. ఎగ్జెక్ అనేది ఉన్న షెల్ స్థానంలోనే కొత్తదాన్ని కూర్చోబెడుతుంది. ఉందో లేదో చూసుకునే షరతు మాత్రం తప్పనిసరి. మీరు రేపు కూర్చునే యంత్రంలో జెడ్‌షెల్ లేకపోవచ్చు. ఆ తర్వాత ఎప్పుడైనా బ్యాష్ కావాలంటే ‘బ్యాష్’, ఖాళీ, రెండు హైఫన్లు, ‘నోఆర్‌సీ’ అని పిలవాలి.

ప్రశ్న: నాకు కంప్యూటర్ లేదు. ఫోన్లో టెర్మక్స్ అనే టెర్మినల్ యాప్ మాత్రమే ఉంది.

ఫోన్‌తోనే నేర్చుకుంటున్నవారు మన ప్రాంతంలో చాలామంది ఉన్నారు, వారికి ఈ పని అన్నిటికంటే సులువు. ‘పీకేజీ ఇన్‌స్టాల్ జెడ్‌ఎస్‌హెచ్’, తర్వాత ‘సీహెచ్ఎస్‌హెచ్ హైఫన్ ఎస్ జెడ్‌ఎస్‌హెచ్’. పూర్తి దారి అక్కరలేదు, పాస్‌వర్డ్ అడగదు. టెర్మక్స్‌లో ‘పాస్‌డబ్ల్యూడీ’ ఫైలు పాత్ర ఉండదు. మీ హోమ్‌లోని ‘డాట్ టెర్మక్స్’ డైరెక్టరీలో ‘షెల్’ అనే లింకు ఏర్పడుతుంది, తెరుచుకునేటప్పుడు యాప్ దాన్నే చూస్తుంది. ఏదైనా తేడా వస్తే ఎడమ అంచు నుంచి పట్టికను లాగి, కొత్త సెషన్ బొత్తాన్ని నొక్కి పట్టుకుంటే ఫెయిల్‌సేఫ్ అనే ఎంపిక వస్తుంది. అందులోకి వెళ్లి ఆ లింకును తీసేస్తే మళ్లీ బ్యాష్ వస్తుంది.

ప్రశ్న: విండోస్ లోపల ఉబుంటు వాడుతున్నాను.

విండోస్ లోపల లినక్స్ నడిపే ఏర్పాటైన డబ్ల్యూఎస్ఎల్‌లో పద్ధతి మామూలు ఉబుంటు లాంటిదే. లోపలికి వెళ్లలేని పరిస్థితి వస్తే విండోస్ పవర్‌షెల్ నుంచి ‘డబ్ల్యూఎస్ఎల్’, ఖాళీ, హైఫన్ యూ, ఖాళీ, ‘రూట్’ అంటే నేరుగా రూట్‌గా ప్రవేశం దొరుకుతుంది. అక్కడ నుంచి సరిచేయవచ్చు.

ప్రశ్న: మ్యాక్‌లో?

2019 అక్టోబరులో వచ్చిన కాటలీనా సంచిక నుంచి కొత్త ఖాతాలకు జెడ్‌షెల్లే వస్తుంది. దానితో వచ్చే బ్యాష్ 3.2 చాలా పాతది. కొత్త బ్యాష్‌ను హోమ్‌బ్రూ అనే ప్యాకేజీ సాధనం ద్వారా తెచ్చుకుంటే దాని దారిని ‘/ఈటీసీ/షెల్స్’లో మీరే చేర్చాలి.

ప్రశ్న: కొత్త షెల్‌లో నా ఫైళ్ల తెలుగు, ఒడియా పేర్లు అంకెలుగా మారాయి. ఎందుకు?

పేర్లు మారలేదు, చూపించే తీరు మారింది. ‘లాంగ్’ అని పెద్ద అక్షరాల్లో (ఎల్, ఏ, ఎన్, జీ) రాసే చరరాశిని మీరు ఎప్పుడో ‘డాట్ బ్యాష్‌ఆర్‌సీ’లో యూటీఎఫ్ 8గా (అన్ని లిపుల అక్షరాలనూ బైట్లుగా రాసే పద్ధతిగా) నిర్ణయించి ఉంటారు. జెడ్‌షెల్ ఆ ఫైలును చదవదు, ‘డాట్ జెడ్‌ఎస్‌హెచ్‌ఆర్‌సీ’ని చదువుతుంది. ఆ నిర్ణయం అందకపోవడంతో ‘ఎల్ఎస్’ ఆదేశం ఇంగ్లీషు కాని ప్రతి బైటునూ బ్యాక్‌స్లాష్ పెట్టి మూడేసి అంకెలుగా చూపిస్తోంది. ఆ అంకెలను కాస్త దగ్గరగా చూడండి. యూటీఎఫ్ 8లో మన అక్షరమైనా గుణింతపు గుర్తైనా ఒక్కొక్కటి మూడు బైట్లు. 340 తర్వాత 260 గాని 261 గాని వస్తే అది తెలుగు అక్షరం. 340 తర్వాత 254 గాని 255 గాని వస్తే ఒడియా. ఈ రెండు లిపుల పేర్లూ కలిసి ఉండే మన డైరెక్టరీల్లో, అంకెలుగా మారిపోయిన తర్వాత కూడా ఏ ఫైలు ఏ భాషదో ఇలా గుర్తుపట్టవచ్చు. ‘లాంగ్’ నిర్ణయాన్ని కొత్త ఫైలులోకి తెచ్చుకుంటే పేర్లన్నీ మామూలుగా కనిపిస్తాయి.

జెడ్‌షెల్‌లో మరొక ఇబ్బంది ఉంది. పేరును ఆదేశపు వరుసలో టైప్ చేసినప్పుడు పొల్లు స్థానంలో కోణపు గుర్తుల మధ్య 0సీ4డీ అనే సంకేతం ప్రత్యక్షమవుతుంది. ముందు అక్షరంతో కలిసిపోయే గుర్తులను టెర్మినల్ సరిగా చూపించగలదో లేదో ఆ షెల్‌కు తెలియక వాటిని విడదీసి చూపిస్తుంది. ‘డాట్ జెడ్‌ఎస్‌హెచ్‌ఆర్‌సీ’లో ‘సెట్‌ఆప్ట్’, ఖాళీ, ‘కంబైనింగ్’, కింది గీత, ‘చార్స్’ అనే వరుస చేర్చితే అది పోతుంది. ఒత్తులు, గుణింతాలు అందంగా అమరడం మాత్రం షెల్ చేతిలో లేదు, అది టెర్మినల్ పని.

ప్రశ్న: పాత స్క్రిప్టులు, అడ్డదారి పేర్లు (ఆలియాస్‌లు) పనిచేస్తాయా?

స్క్రిప్టు మొదటి వరుసలో హ్యాష్, ఆశ్చర్యార్థకం, తర్వాత ‘/బిన్/బ్యాష్’ అని ఉంటే, మీ లాగిన్ షెల్ ఏదైనా అది బ్యాష్‌లోనే నడుస్తుంది. ఆ వరుస లేని స్క్రిప్టులకు ఇప్పుడే చేర్చుకోండి. అడ్డదారి పేర్లను, పాత్ (ప్రోగ్రాములను ఏ డైరెక్టరీల్లో వెతకాలో చెప్పే జాబితా) నిర్ణయాలను మాత్రం కొత్త షెల్ ఫైలులోకి కాపీ చేసుకోవాలి. ఫిష్‌కైతే కొన్నిటిని దాని వ్యాకరణంలో తిరగరాయాలి.

చేత్తో టైప్ చేసే ఆదేశాల్లో మూడు తేడాలు గుర్తుంచుకోవాలి. జెడ్‌షెల్‌లో వరుస పట్టికల (అరేల) లెక్క సున్నాతో కాక ఒకటితో మొదలవుతుంది. కోట్ గుర్తులు లేని చరరాశిలో ఖాళీలున్నా దాన్ని ముక్కలు చేయదు. నక్షత్రపు గుర్తుకు గాని చదరపు బ్రాకెట్లకు గాని సరిపోయే ఫైలు దొరకకపోతే, బ్యాష్ లాగా ఉన్నదాన్ని ఉన్నట్టే పంపకుండా, ఆదేశాన్నే ఆపేస్తుంది. పైథాన్ ప్యాకేజీలు తెచ్చే పిప్‌తో ప్యాకేజీ పేరు పక్కన చదరపు బ్రాకెట్లు పెట్టేవారికి ఇది మొదటి రోజే ఎదురవుతుంది. మొత్తం పేరును కోట్ గుర్తుల మధ్య పెడితే సరిపోతుంది.

ప్రశ్న: నచ్చలేదు. బ్యాష్‌కు తిరిగి రావాలంటే?

‘సీహెచ్ఎస్‌హెచ్ హైఫన్ ఎస్ /బిన్/బ్యాష్’ అని ఇచ్చి, లాగౌట్ అయి, మళ్లీ లాగిన్ అయి, రెండు డాలర్ల ఆదేశంతో బ్యాష్ నడుస్తోందని నిర్ధారించుకోండి. ఆ తర్వాతే జెడ్‌షెల్ ప్యాకేజీని తొలగించండి. వరుస తప్పి ముందే తొలగిస్తే ఖాతా చివరి గడిలో లేని ప్రోగ్రాము పేరు మిగిలిపోతుంది. అదే యంత్రంలో మీ అన్నయ్యకో చెల్లికో ఖాతా ఉంటే వారి వరుస చివర ఏ షెల్ ఉందో కూడా తొలగించే ముందు చూడాలి.